తప్పు పట్టే మనిషి దగ్గరున్న ప్రాజెక్టు

ప్రశ్న: సార్, మాది గుంటూరు. బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్. డిసెంబరు మొదటి వారంలో మేజర్ ప్రాజెక్టు అబ్‌స్ట్రాక్ట్ ఇవ్వాలి. మా బ్యాచ్‌లో నలుగురం. ఇద్దరేమో ‘సెంటర్లో తలా నాలుగు వేలు కడితే కోడూ డాక్యుమెంటేషనూ పీపీటీ అన్నీ ఇచ్చేస్తారు, మనం ప్లేస్‌మెంట్లకి చదువుకోవచ్చు’ అంటున్నారు. ఇంకో అమ్మాయి మిర్చి ఆకు ఫొటో తీస్తే తెగులేదో చెప్పే డీప్ లెర్నింగ్ ప్రాజెక్టు చేద్దామంటోంది. గైడ్ సార్ బేస్ పేపర్, అంటే ప్రాజెక్టుకి ఆధారంగా చూపే పరిశోధన పత్రం, తప్పకుండా ఉండాలన్నారు. నాకు పైథాన్, ఎస్‌క్యూఎల్ ఓ మాదిరిగా వచ్చు. మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. రాత్రి ఇంటికొచ్చాక కూడా ఆయన పట్టీల (రైతుకిచ్చే అమ్మకపు చీటీల) లెక్కలు సరిచూసుకుంటుంటే, ఇదంతా ప్రోగ్రామ్‌గా రాయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఏఐ లేకపోతే ప్రాజెక్టు తేలిపోతుందని, ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి ఏమీ మిగలదని అందరూ అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక విద్యార్థిని, గుంటూరు

సమాధానం:

అమ్మా,

ఉత్తరంలో అన్నిటికంటే తక్కువ చోటు మీ నాన్నగారికి ఇచ్చావు. నాకు మాత్రం నీ ప్రాజెక్టు ఆ రెండు వాక్యాల్లోనే కనిపించింది. ఆ పట్టీల లెక్కే చెయ్యి. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను. గైడ్‌నీ స్నేహితుల్నీ ఒప్పించాల్సింది నువ్వు కాబట్టి, నా మాట ఒక్కటే సరిపోదు, కారణాలు కూడా నీ చేతిలో ఉండాలి.

ప్రాజెక్టు గురించి నన్ను ఎవరడిగినా ముందు ఒకటే అడుగుతాను. నీ ప్రోగ్రామ్ తప్పు చెప్తే, ‘ఇది తప్పు’ అని పట్టుకునే మనిషి ఎవరు? ఆ మనిషి నీకు అందుబాటులో ఉన్నారా? గైడ్ పట్టుకోలేరు, ఆయనకి నీలాంటి బ్యాచ్‌లు పది ఉంటాయి. వైవాకి బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ నీకు పావుగంట ఇస్తారు. నువ్వు పట్టుకోలేవు, రాసింది నువ్వే. ఆ పనిలో రోజూ మునిగి తేలే మనిషి ఒకరు కావాలి. స్క్రీన్ వంక ఒక్కసారి చూసి, ‘అదేంటమ్మా, సంచి తరుగు తియ్యలేదు’ అనగలిగేవారు. అలాంటి మనిషి నీకు ఇంట్లోనే ఉన్నారు. కాలేజీలో ఎంతమందికి ఆ వీలుంది చెప్పు?

కొనడం సంగతి ముందు తేల్చేస్తాను. 2003లో విజయవాడలో మా బ్యాచ్ కూడా ఒక సెంటర్లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు కొంది. నా వాటా డబ్బు మా అమ్మ చీటీ పాడి ఇచ్చింది. వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగింది ఒకే ప్రశ్న: ‘ఒక పేషెంట్‌ని డిశ్చార్జి చేయకుండా అదే మంచం ఇంకొకరికి ఇస్తే మీ ప్రోగ్రామ్ ఒప్పుకుంటుందా?’ మా నలుగురిలో ఒక్కరికీ తెలియదు. ఆ కోడ్ మేం ఎవరం రాయలేదు, పోనీ ఏ ఆసుపత్రిలోనూ ఒక్క పూట కూర్చుని చూడనూ లేదు. మార్కులు బాగానే వేశారు. నాలుగు నెలలు మాత్రం చేతిలోంచి జారిపోయాయి. ప్రోగ్రామ్ అంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆ తర్వాత రెండేళ్లకి, వన్‌టౌన్‌లో మా మామయ్య కొట్టు స్టాకు లెక్క రాసినప్పుడు. రోజూ రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించి, నా ప్రింటవుట్ పక్కన తన చిట్టా పెట్టుకుని వరస వరసా గీత కొట్టేవాడు. ఆ గీతలే నాకు పాఠాలు. నీ స్నేహితులతో పోట్లాడకు. ‘ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే ఏం చెప్తాం?’ అని మాత్రం అడుగు. ప్లేస్‌మెంటుకి చదువుకోవడానికే ప్రాజెక్టు కొంటామంటున్నారు కదా, అక్కడ మొదట అడిగేదే ప్రాజెక్టు గురించి.

ఇక ఆకు తెగులు ప్రాజెక్టు. ఆ అమ్మాయి ఆలోచనను నేను తీసిపారేయను, ఊరి పంట మీద ప్రేమతోనే అని ఉంటుంది. కాకపోతే ఆ దారిలో ఒక గొయ్యి ఉంది, అది ఏటా ఎందరినో మింగుతోంది. ఈ ప్రాజెక్టుకి అందరూ దించుకునేది ప్లాంట్‌విలేజ్ అనే ఫొటోల సేకరణ. 14 పంటలవి, 54,306 ఫొటోలు. ఆకుని కోసి, సాదా కాగితం మీద పెట్టి, ఒక్కో ఆకునీ తీసిన ఫొటోలు. 2016లో పరిశోధకులు వాటితోనే నేర్పించి వాటిలోనే కొన్నిటి మీద పరీక్షిస్తే 99.35 శాతం సరిగ్గా చెప్పింది. వేరేచోట తీసిన ఫొటోలు ఇచ్చేసరికి అదే మోడల్ 31 శాతానికి పడిపోయింది. దాచిపెట్టకుండా ఆ సంగతి వాళ్లే రాశారు. మన డాక్యుమెంటేషన్లలో మొదటి అంకె ఉంటుంది, రెండోది కనపడదు.

ఇంకోటి, ఆ సేకరణలో మిరప అని ఉన్నది క్యాప్సికం. మన తేజ రకం కాదు, 334 రకం కాదు. 2021 చివర్లో గుంటూరు రైతుని కుదేలు చేసిన నల్ల తామర పురుగు చేరేది ముఖ్యంగా పూతలోకి. పూత రాలిపోయి చేను గొడ్డుపోతుంటే, ఆకు ఫొటో చూసి ‘ఆరోగ్యంగా ఉంది’ అని చెప్పే ప్రోగ్రామ్ రైతుకి ఏం మేలు చేస్తుంది? శాతాల్లో ఇంకో మోసం ఉంది. వంద ఆకుల్లో 97 బాగున్నవైతే, ఏమీ చూడకుండా అన్నిటికీ ‘బాగుంది’ అన్నా 97 శాతం వచ్చేస్తుంది. తెగులున్న ఆ మూడిట్లో ఎన్నిటిని పట్టుకుందో చెప్పని ప్రాజెక్టుని నేను నమ్మను.

అయినా అదే చేస్తానని ఆ అమ్మాయి పట్టుబడితే ఒక దారి ఉంది. మీకు లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం దూరమేం కాదు. 334 రకం పుట్టిందే అక్కడ. చేలోకి వెళ్లి, చెట్టు మీదున్న ఆకునీ పూతనీ ఎండలో, నీడలో మూడు నాలుగు వందల ఫొటోలు మీరే తీయండి. మిరప చూసే శాస్త్రవేత్త ఒకరిని బతిమాలి, ఏది ఏ తెగులో చెప్పించుకోండి. ఆ ఫొటోల మీద మీ మోడల్‌కి 45 శాతమే వచ్చినా సరే, అది నిజమైన ప్రాజెక్టు. అక్కడ కూడా చూడు, తప్పు పట్టే మనిషి దొరికాకే పని మొదలైంది.

ఈ మాట విజయవాడలో ఒక కుర్రాడి దగ్గర నాకు ఇంకా బాగా తెలిసొచ్చింది. వాళ్లది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు వరదలో ఇల్లు మునిగింది. మెషిన్ లెర్నింగ్‌తో వరదని ముందే చెప్పే ప్రాజెక్టు చేస్తానన్నాడు. బాధలోంచి పుట్టిన కోరిక, కాదనడానికి నోరు రాలేదు. కానీ ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆ ఏడాది వచ్చిన 11.43 లక్షల క్యూసెక్కుల లాంటి వరద బ్యారేజీ కట్టాక ఎన్నిసార్లొచ్చింది? 2009లో వచ్చినదాన్ని కలుపుకున్నా ఒక చేతి వేళ్లు మిగిలిపోతాయి. రెండు మూడు ఉదాహరణలతో యంత్రం ఏం నేర్చుకుంటుంది? పైగా వాళ్ల వీధిని ముంచింది నేరుగా కృష్ణ కాదు, గండ్లు పడిన బుడమేరు. బ్యారేజీ అంకెలు ఎన్ని నేర్పినా వాళ్ల గడప సంగతి అది చెప్పలేదు. చివరికి ఆ అబ్బాయి టేపు పట్టుకుని వాళ్ల నాలుగు వీధుల్లో గోడల మీద నీటి మరకల ఎత్తు కొలిచి, మ్యాప్ మీద పెట్టాడు. ఒక్కో ఇంటి ముందు ఆగి ఫోన్లో చూపిస్తే ఆడవాళ్లు సరిదిద్దారు: ‘మాది మూడు మెట్ల అరుగు నాయనా, రెండో మెట్టు దాకే వచ్చింది, నువ్వు గుమ్మం దాకా వేశావు.’ నేను చూసిన ప్రాజెక్టుల్లో అది మంచిది. అందులో ఏఐ లేదు.

సరే, నీ పట్టీ దగ్గరికి వద్దాం. ఇది చిన్నదని అందరూ అంటున్నారు కదా, లోపలికి దిగి చూద్దాం.

రైతు మిర్చి టిక్కీలు (బస్తాలు) తెస్తాడు. కాటా మీద ఒక్కోటీ తూచి బరువు రాస్తారు. ఉదాహరణకి మూడు టిక్కీలు: 41.5, 43.2, 42.8. మొత్తం 127.5 కేజీలు. సంచికి కేజీ చొప్పున తరుగు తీస్తే 124.5. క్వింటా 14,000 అనుకుంటే 17,430 రూపాయలు. ఇంతవరకు ఎనిమిదో తరగతి లెక్క. ఇక్కడ నుంచే అసలు పని. కమీషన్, హమాలీ, కాటా ఖర్చులు పోవాలి. తాలు కాయకి, అంటే రంగు పోయిన నాసి కాయకి, వేరే రేటు. ఏసీ సరుకైతే కోల్డ్ స్టోరేజీ అద్దె. విత్తనాలకో పురుగుమందులకో కొట్టు దగ్గర ముందే తెచ్చుకున్న అడ్వాన్సు ఉంటే అసలు, వడ్డీ.

ఆ వడ్డీ దగ్గర ఆగు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకి రెండు. అది మీ నాన్నగారికి ఊపిరి పీల్చినంత మామూలు, ఆయన నీకు విడమర్చి చెప్పరు. నువ్వు పాఠ్యపుస్తకం అలవాటుకొద్దీ సంవత్సరానికి రెండు శాతం అని కోడ్ రాస్తావు. 50,000 అడ్వాన్సు మీద మూడు నెలలకి రావాల్సింది 3,000. నీ ప్రోగ్రామ్ 250 అంటుంది. పైథాన్ ఎక్కడా ఎర్రర్ చూపించదు, ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది. నాన్నగారు ఒక్కసారి చూస్తే పట్టేస్తారు. సాఫ్ట్‌వేర్‌లో ప్రమాదమైన తప్పులన్నీ ఇలాగే ఉంటాయి, నోరెత్తవు.

డబ్బుల లెక్కలో ఇంకోటి. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడు. 0.30000000000000004 అని వస్తుంది. కంప్యూటర్ దశాంశాలని బైనరీలో దాచుకుంటుంది. మన పదోవంతు దాని లెక్కలో ఎప్పటికీ తెగదు, మనకి మూడోవంతు తెగనట్టే. అందుకే డబ్బుని ఫ్లోట్‌లో, అంటే ఈ బైనరీ దశాంశంలో, పెట్టకూడదు. పైసల్లో పూర్ణాంకంగా పెట్టు, లేదా పదుల లెక్కలోనే దాచే డెసిమల్ వాడు. రౌండింగ్ కూడా చూడు. పైథాన్ 3లో రెండున్నరని రౌండ్ చేయమంటే 2 ఇస్తుంది, మూడున్నరని చేయమంటే 4 ఇస్తుంది. సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరున్న సరిసంఖ్య వైపు పోతుంది. మీ నాన్నగారు యాభై పైసలు వస్తే ఏం చేస్తారు? పైకి వేస్తారా, వదిలేస్తారా? అడుగు. కొట్టు పద్ధతి ఏదైతే నీ కోడ్ పద్ధతి కూడా అదే కావాలి.

అంకె చూపించే తీరు కూడా ఉంది. పైథాన్‌ని కామాలు పెట్టమంటే పన్నెండు లక్షల నలభై అయిదు వేలని 1,245,000 అని రాస్తుంది. మనకి 12,45,000 కావాలి. చిన్న సంగతే, కానీ యార్డు రద్దీలో పట్టీ చేతిలో పట్టుకున్న రైతుకి అది చిన్నది కాదు, లక్షల కామా చోటు మారితే ఆయన కళ్లు ఆగిపోతాయి.

పేర్ల దగ్గర నీకు నిజమైన పరిశోధన దొరుకుతుంది. ఒకే ఊళ్లో ముగ్గురు నాగేశ్వరరావులు ఉంటారు. ఒకే మనిషిని ఒక పట్టీలో వెంకటేశ్వర్లు అని, ఇంకో పట్టీలో వెంకటేశ్వరరావు అని రాస్తారు. కాబట్టి డేటాబేస్‌లో ఒక్కో మనిషినీ విడిగా గుర్తించే ప్రైమరీ కీగా పేరు పనికిరాదు. నాన్నగారు ఎలా గుర్తుపడతారో గమనించు: ఇంటిపేరు, ఊరు, ఒక్కోసారి తండ్రి పేరు, ఒక్కోసారి ‘ఆ చెవులు వినపడని పెద్దాయన కొడుకు’. ఈ చివరిది డేటాబేస్‌లో పెట్టలేవు, కానీ మిగతావి ఎందుకు కావాలో అది చెప్తుంది.

మీ గైడ్ సార్ అడిగిన బేస్ పేపర్ కూడా ఇక్కడే ఉంది. ఒకే మనిషి పేరు రకరకాలుగా రాసినప్పుడు జతకలపడం మీద దశాబ్దాలుగా పేపర్లు వస్తూనే ఉన్నాయి. సౌండెక్స్ అనే పద్ధతికి 1918లోనే అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. ధ్వనిని బట్టి పేరుని ఒక అక్షరం, మూడు అంకెలుగా మారుస్తుంది. కానీ అది ఇంగ్లీషు ఇంటిపేర్ల కోసం పుట్టింది, మొదటి అక్షరాన్ని ఉన్నదున్నట్టు ఉంచేస్తుంది. మన ఈశ్వరరావుని ఇంగ్లీషులో ఒకరు ‘ఈ’ అక్షరంతో మొదలుపెడతారు, ఇంకొకరు ‘ఐ’ అక్షరంతో. సౌండెక్స్‌కి వాళ్లిద్దరూ వేరే మనుషులు. లక్ష్మిని మాత్రం ఎలా రాసినా కలిపేస్తుంది. రెండు వందల పేర్లు తీసుకుని సౌండెక్స్ ఎన్ని జతలు పట్టింది, ఎన్ని అక్షరాలు మారిస్తే ఒక పేరు ఇంకోటవుతుందో లెక్కపెట్టే ఎడిట్ డిస్టెన్స్ ఎన్ని పట్టింది, మీరు మార్చి రాసింది ఎన్ని పట్టింది అని పట్టిక వెయ్యండి. ఏ జత నిజం, ఏది కాదు అన్నది తేల్చేది మళ్లీ నాన్నగారే. కావాలంటే ఆ పోలికలో ఒక మెషిన్ లెర్నింగ్ పద్ధతిని కూడా నిలబెట్టొచ్చు. ఏఐ కావాలన్నవాళ్లకి అది చాలు, అదీ పనికొచ్చే చోట ఉంటుంది.

పట్టీ తెలుగులో వస్తే ఇంకా బాగుంటుంది. అక్కడ మన లిపి నీకు కొత్త పాఠాలు చెప్తుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం. పైథాన్‌ని పొడవెంత అని అడిగితే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. పేరు ఇరవై గళ్లలో పట్టాలని మధ్యలో కోస్తే ఒత్తు ఒకచోట, హల్లు ఒకచోట పడతాయి. పెద్ద కంపెనీలే దీని దగ్గర తడబడ్డాయి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అని ఒక రకంగా టైపు చేసి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసుకుంది. మన భాషని సరిగ్గా చూపించడం కూడా ఇంజనీరింగే అని వైవాలో ధైర్యంగా చెప్పు.

ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. నీ సెమిస్టరు డిసెంబరులో మొదలవుతోంది, ఇది నీ అదృష్టం. కొత్త కాయ జోరు అందుకునేలోపు నాన్నగారికి కాస్త తీరిక ఉంటుంది, అప్పుడే పాత పట్టీలు ఓ నలభై అడుగు. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి యార్డు కిటకిటలాడిపోతుంది, ఆ రద్దీలో నీ ప్రోగ్రామ్ నిలబడుతుందో లేదో తేలుతుంది. మేలో యార్డుకి వేసవి సెలవులు ఇచ్చేలోపు నీ పని అయిపోవాలి.

ఆ నలభై పట్టీలే నీ పరీక్ష. ఒక్కోదానికీ చేత్తో రాసిన మొత్తం, నీ ప్రోగ్రామ్ ఇచ్చిన మొత్తం పక్కపక్కన పెట్టు. మొదటిసారి పది కూడా కలవకపోవచ్చు, దిగులుపడకు. కలవని ప్రతిదాని దగ్గరా నాన్నగారితో కూర్చో. కొన్నిచోట్ల నీ కోడ్ తప్పు. కొన్నిచోట్ల ఆయన నీకు చెప్పని ఆచారం. ఒకటి రెండు చోట్ల, జాగ్రత్తగా చెప్పు, ఆయన కూడికే తప్పయి ఉండొచ్చు. ‘నాన్నా, ఇది ఒకసారి చూడండి’ అను, అంతే. ఈ తేడాల్ని, ఏ తేదీన ఏది ఎందుకు కలవలేదో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. డాక్యుమెంటేషన్‌లో టెస్టింగ్ చాప్టర్‌కి ఎక్కడో ఉన్న పట్టిక కాపీ కొట్టక్కర్లేదు, అది తనంతట తానే తయారవుతుంది.

ఇంకొక మాట, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ పట్టీలు కొట్టువి, వాటిలో రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, అప్పులు ఉంటాయి. ముందు షావుకారు గారి అనుమతి తీసుకోవాలి. నువ్వు వెళ్లి అడగడం కంటే నాన్నగారి ద్వారా అడిగించడమే మర్యాద, ఆయన ఉద్యోగానికి మాట రాకూడదు. కాదంటే అక్కడితో ఆపెయ్యి, ఇంకో కొట్టు చూద్దాం. ఒప్పుకుంటే పేర్లు, నంబర్లు మార్చేసి వాడుకో. గిట్‌హబ్‌లో నీ కోడ్ పెట్టు, పట్టీలు పెట్టకు. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టమే వచ్చింది. చట్టం లేకపోయినా ఒక రైతు అప్పు పదిమందికీ తెలిసేలా చేసే హక్కు మనకి లేదు.

పనిముట్లు సాదావి చాలు. పైథాన్, వెబ్ పేజీలకి ఫ్లాస్క్, డేటాబేస్‌కి ఎస్‌క్యూలైట్. డేటా అంతా ఒకే ఫైల్లో ఉంటుంది, కొట్టులో ఉన్న పాత కంప్యూటర్ మీద ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. మొదటి రోజు నుంచీ గిట్ వాడండి, నలుగురిలో ఎవరు ఏం రాశారో అదే చెప్తుంది. ఓటీపీ లాగిన్, మొబైల్ యాప్, పేమెంట్ గేట్‌వే, రంగురంగుల డ్యాష్‌బోర్డు, బ్లాక్‌చెయిన్: ఇవేవీ వద్దు. నాన్నగారు అడిగితే తప్ప ఒక్క బటన్ కూడా అదనంగా పెట్టకు.

కరెంటు గురించి మాత్రం ఆలోచించు. పట్టీ సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఏమవుతుంది? బరువులు ఎక్కి, అడ్వాన్సు కోత ఎక్కకపోతే కొట్టు నష్టపోతుంది. అదే తిరగబడితే రైతు నష్టపోతాడు. పట్టీకి సంబంధించిన రాతలన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే ఎస్‌క్యూలైట్ అన్నీ రాస్తుంది, లేదా ఏదీ రాయదు. వైవా రోజు దీన్నే చూపించు. బ్యాటరీ లేని డెస్క్‌టాప్ మీద, సేవ్ మధ్యలో కావాలని ఒక క్షణం ఆగేలా కోడ్ పెట్టి, ఎక్స్‌టర్నల్ గారి ఎదురుగా ప్లగ్గు లాగెయ్యి. మళ్లీ ఆన్ చేసి సగం పట్టీ లేదని చూపించు. ముందు ఇంట్లో ఓ ఇరవైసార్లు చేసి చూసుకో, అప్పుడు చెయ్యి వణకదు.

చాట్‌జీపీటీ వాడొచ్చా అని నువ్వు అడగలేదు, వాడతావని నాకు తెలుసు. వాడు. అర్థంకాని ఎర్రర్ వచ్చినప్పుడు, కొత్త సంగతి నేర్చుకోవాలన్నప్పుడు అది మంచి తోడు. కానీ అది ఇచ్చిన కోడ్‌ని చదివి, ఆ చాట్ మూసి, నీ అంతట నువ్వు మళ్లీ రాయి. రాయలేకపోతే అది ఇంకా నీది కాలేదు. సంచి తరుగు మీ కొట్టులో ఎంతో, అడ్వాన్సు ముందు కోస్తారో హమాలీ ముందు కోస్తారో దానికి తెలియదు. అడిగితే ధీమాగా ఏదో ఒకటి చెప్తుంది. ఆ ధీమాకి పడిపోకు.

నలుగురి పనీ ఇలా పంచుకోండి: ఒకరు కాటా, పట్టీ లెక్క. ఒకరు అడ్వాన్సులు, వడ్డీ. ఒకరు పేర్ల జతలు. ఆకుల మీద మనసున్న అమ్మాయికి ఇది ఇవ్వు, పోలికలు, శాతాలు ఆమెకి ఇష్టమైన పనే కదా. ఒకరు తెలుగు పట్టీ, ప్రింటు. కానీ వారానికొకసారి నలుగురూ కూర్చుని, ఒకరి కోడ్ ఇంకొకరు చదివి చెప్పాలి. వైవాలో ఎవరిని ఏది అడుగుతారో తెలియదు.

గైడ్ సార్ దగ్గరికి ఉత్త మాటతో వెళ్లకు, ఒక పేజీ రాసుకుని వెళ్లు. సమస్య ఏమిటి, వాడేది ఎవరు, నలభై పట్టీల పరీక్ష, పేర్లు జతకలపడం మీద బేస్ పేపరు, దాని మీద మీరు కొత్తగా కొలవబోయేది. ఫ్లోటింగ్ పాయింట్ సంగతి అడిగితే అది ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణం, 1985 నాటిదని చెప్పు. దాని మీద 1991లో డేవిడ్ గోల్డ్‌బర్గ్ రాసిన పేపరు ఇప్పటికీ అందరూ చదువుతారు, అదీ జతచెయ్యి. ఇంత చూశాక ఏ గైడూ ఊరికే కాదనరు. ఆయన ఏదైనా చేర్చమంటే చేర్చు, కానీ పట్టీ లెక్క పూర్తయ్యాకే చేరుస్తామని అప్పుడే ఒప్పించుకో.

ఇంటర్వ్యూ భయం గురించి. కొన్న ప్రాజెక్టు ఉన్నవాళ్లు టైటిల్ చెప్పి ఆగిపోతారు. నువ్వు మూడు వేలు రావాల్సిన చోట రెండు వందల యాభై ఎందుకొచ్చిందో, అది ఎవరు పట్టుకున్నారో, ఎలా సరిచేశావో చెప్తావు. అవతల కూర్చున్నాయన కూడా ఎప్పుడో ఒక రాత్రి అలాంటి తప్పు కోసం వెతికిన మనిషే.

అబ్‌స్ట్రాక్ట్ ఒక్క అక్షరం రాయకముందే చేయాల్సింది ఒకటుంది. కాలేజీకి ఒక రోజు సెలవు పెట్టి పొద్దున్నే నాన్నగారితో యార్డుకి వెళ్లు. ముక్కుకి అడ్డంగా మంచి గుడ్డ కట్టుకో, ఘాటు గట్టిగా ఉంటుంది. ల్యాప్‌టాప్ తీసుకెళ్లకు, చిన్న పుస్తకం, పెన్ను చాలు. నాన్నగారి బల్ల పక్కన ఓ స్టూలు వేసుకుని, మొదటి కాటా నుంచి చివరి పట్టీ దాకా ఆయన ఏ అంకె ఎక్కడినుంచి తీసుకుని ఎక్కడ రాస్తున్నారో, ఏది రెండుసార్లు రాస్తున్నారో గీసుకో. మధ్యలో ప్రశ్నలేసి ఆపకు, సాయంత్రం బండి మీద ఇంటికొస్తూ అడుగు.